గుర్తు లేని చిరంజీవి

కొన్ని పుస్తకాలు చదివి అలమారులో పెట్టేస్తాం. కొన్ని చదివాక మాత్రం, ఎవరు కనబడితే వాళ్ళకి ఆ కథ చెప్పేదాకా తోచదు. పక్కింటావిడ కరివేపాకు కోసం వచ్చినా సరే, కూర్చోబెట్టి సగం కథ చెప్పిగాని రెమ్మ చేతికివ్వం. ఈ మధ్య నన్ను అట్లా పట్టుకున్న నవల ఒకటుంది. పేరు ‘ది ఇన్విజిబుల్ లైఫ్ ఆఫ్ ఏడీ లరూ’. కనిపించని ఒక ఆడదాని జీవితకథ అనుకోండి. రాసినావిడ అమెరికన్ రచయిత్రి వి.ఇ. ష్వాబ్. 2020లో వచ్చింది.

ఇది ఫాంటసీ నవల. ఆ మాట వినగానే, పిల్లల పుస్తకం కాబోలు అని పెదవి విరిచేవాళ్ళున్నారు. మనకా విరుపు అక్కర్లేదనుకుంటాను. రాయి ఆడదవడం, ఆడది రాయవడం, ముసలితనం కొడుక్కిచ్చి యౌవనం పుచ్చుకోవడం, ఇవన్నీ అన్నంతోపాటు విని పెరిగినవాళ్ళం. వరమూ శాపమూ అన్నవి కథ చెప్పడానికి పనిముట్లు. మామూలు బతుకులో కంటికి ఆనని ప్రశ్నని భూతద్దంలో పెట్టి చూపించడానికి అవి పనికొస్తాయి. ఈ నవల చేసిన పనీ అదే.

ముందు కథ చెప్తాను. ముగింపు మాత్రం చెప్పను, భయపడకండి.

ఫ్రాన్సు దేశంలో లె మాన్ అనే పట్నం వుంది. దానికి కొంచెం ఎడంగా, నది ఒడ్డున ఒక పల్లెటూరు. ఆ వూళ్ళో ఒక వడ్రంగికి 1691లో ఆడపిల్ల పుట్టింది. అడెలీన్ అని పేరు పెట్టుకున్నారు. తండ్రి చేసిన కొయ్య సామాన్లు అమ్ముకోవడానికి పట్నం సంతకు వెళ్తూ పిల్లను కూడా బండెక్కించుకుని వెళ్ళేవాడు. ఆ సంతలో ఆ పిల్ల లోకం చూసింది. చూశాక ఇక ఆ పల్లెటూరు ఆమెకు ఇరుకైపోయింది. కాస్త ఎదిగాక తల్లి, ఆ తిరుగుళ్ళు చాలని కట్టడి చేసింది. ఈ ముక్క చదువుతుంటే మనలో చాలామందికి మన పన్నెండో ఏడు గుర్తొస్తుంది!

ఇరవైమూడేళ్ళు వచ్చేదాకా ఏదో వంకన పెళ్ళి తప్పించుకుంది. 1714లో ఇక తప్పలేదు. వూళ్ళో ఒకాయనకి భార్య పోయింది, ముగ్గురు పిల్లలున్నారు. ఆ పిల్లలకి తల్లి కావాలి. ఈ పిల్లకి పెళ్ళి కాలేదు. అంతే, లెక్క సరిపోయింది. ఎవరి లెక్క అని మాత్రం అడక్కండి. పెళ్ళినాడు ఆమె అడవిలోకి పరుగెత్తి, తెలిసిన దేవుళ్ళందర్నీ మొక్కుకుంది. తండ్రి చెక్కి ఇచ్చిన కొయ్య ఉంగరం కూడా సమర్పించుకుంది. చీకటి పడ్డాక పలికే దేవుళ్ళ జోలికి పోవద్దని, వూళ్ళో ఒక ముసలావిడ ఎప్పుడో హెచ్చరించి వుంది. ఏడుపులో పొద్దు గుంకిన సంగతి ఆ పిల్ల చూసుకోలేదు. పలకనే పలికింది చీకటి. అందమైన మగవాడి రూపంలో వచ్చి, ఏం కావాలని అడిగింది.

నేను ఎవరికీ చెందకుండా బతకాలి, నాకు కాలం కావాలి అంది. ఎంత కాలం అంటే చెప్పలేకపోయింది. ఎంతని చెప్తుంది? చివరికి, ఈ బతుకు నాకింక చాలనిపించిన రోజున నా ఆత్మని నువ్వు తీసుకో, అందాకా నన్ను వదిలెయ్యి అని బేరం కుదుర్చుకుంది.

బేరం బాగానే వుంది కదూ? కాని హిరణ్యకశిపుడి దగ్గర్నుంచీ మనకు తెలిసిన సంగతే. వరంలో ఎన్ని కంతలు పూడ్చినా ఒకటి మిగిలే వుంటుంది. ‘ఎవరికీ చెందకుండా’ అన్న మాటని చీకటి గట్టిగా పట్టుకుంది. ఆ రాత్రి ఇంటికి వెళితే తల్లి గుర్తుపట్టలేదు, తండ్రి గుర్తుపట్టలేదు. ఎవరో పరాయిపిల్ల అని బయటికి పంపేశారు. చిన్ననాటి స్నేహితురాలు జాలిపడి లోపలికి రానిచ్చింది. పక్కగదిలోకి వెళ్ళి వచ్చేసరికి, ‘ఎవరు నువ్వు?’ అంది.

అదీ శాపం. ఆమె చావదు, ముసలిదవదు, దెబ్బ తగిలితే మానిపోతుంది. కాని కంటిముందు నుంచి తప్పుకోగానే ఎదుటివాళ్ళు ఆమెను మరిచిపోతారు. తన పేరు తను పలకలేదు. కాగితం మీద రాస్తే అక్షరాలు మాయమైపోతాయి. ఏదన్నా పగలగొడితే అది మళ్ళీ అతుక్కుంటుంది. ఈ భూమ్మీద తన గుర్తు అంటూ ఒక్క గీత కూడా మిగల్చలేదు. అట్లా మూడువందల ఏళ్ళు! ఏటేటా ఆ తేదీకి చీకటి తనకు తోచినప్పుడల్లా వచ్చి అడుగుతూ వుంటుంది, ‘ఇక చాలా?’ అని. ఈవిడ చాలదంటూ వుంటుంది.

మనకీ చిరంజీవులున్నారు. అందరికీ అది వరమే కాలేదు. అశ్వత్థామకి శ్రీకృష్ణుడు విధించిన శిక్ష చావు కాదు. మూడువేల ఏళ్ళు ఒంటరిగా, పలకరించే దిక్కు లేకుండా తిరగమన్నాడు. స్విఫ్ట్ 1726లో రాసిన గలివరు యాత్రల్లో కూడా చావులేని మనుషులున్నారు. వాళ్ళకి చావు లేదుగాని ముసలితనం వుంది, మతిమరుపు వుంది. వాళ్ళని చూశాక గలివరుకి చిరంజీవి కావాలన్న ముచ్చట తీరిపోతుంది. అంటే, చావు లేకపోవడం ఒక్కటే చాలదని మనవాళ్ళకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఆరోగ్యం వుండాలి, యౌవనం వుండాలి, తోడు వుండాలి. ష్వాబ్ ఏం చేసిందంటే, మొదటి రెండూ ఇచ్చేసి మూడోది లాగేసింది. లాగేసి అడిగింది: ఎవరికీ గుర్తులేని మనిషి వున్నట్టా, లేనట్టా?

ఇది తమాషా ప్రశ్నలా కనబడుతుందిగాని, కొంచెం తరిచిచూస్తే రెండు ప్రశ్నలు. మనల్ని ఎవరూ చూడనప్పుడు మనం ఎట్లా వుంటాం అన్నది ఒకటి. మనం చేసింది ఎవరికీ గుర్తులేకపోతే దానికి విలువ వుందా అన్నది రెండోది.

మొదటి ప్రశ్న చాలా పాతది. గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ‘రిపబ్లిక్’లో ఒక గొర్రెలకాపరి కథ చెప్పించాడు. ఆ కాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాన్ని తిప్పితే మనిషి మాయమవుతాడు. ఆ ఉంగరం మహిమతో రాణిని లోబరుచుకుని, రాజును చంపి, రాజ్యం కాజేశాడు కాపరి. అలాంటి ఉంగరం దొరికితే ధర్మంగా వుండేవాడెవడు అని ఆ గ్రంథంలో ఒక పాత్ర అడుగుతుంది. ఏడీ చేతిలోనూ అలాంటి ఉంగరమే వున్నట్టు లెక్క. ఆమె దొంగతనం చేస్తే పట్టుకున్నవాడు మరునిమిషానికి మరిచిపోతాడు. చేస్తుంది కూడా. తిండి దొంగిలిస్తుంది, బట్టలు దొంగిలిస్తుంది, పుస్తకాలు దొంగిలిస్తుంది. ఆకలికీ చలికీ ఓర్చుకోలేక పారిస్‌లో ఒళ్ళమ్ముకునే దాకా వెళ్ళిన మనిషి. ఆమెని మీరూ నేనూ దొంగ అనలేం. కాని రాజ్యం కాజెయ్యలేదు. క్రూరంగా మారలేదు. తనని రేపు గుర్తుంచుకోని వాళ్ళని ఇవాళ ప్రేమించగలిగింది. తన మంచితనానికి సాక్షి లేడు, మెప్పు లేదు, చిత్రగుప్తుడి చిట్టా కూడా వుందో లేదో తెలియదు. అయినా ఏదో కొంత మంచితనం మిగిలింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది అక్కడే.

ఫలం ఆశించకుండా పని చెయ్యమని పెద్దలు ఉపన్యాసాలిస్తారు. ఉపన్యాసం అయ్యాక శాలువా కప్పించుకుని, మర్నాడు పేపర్లో ఫొటో పడిందో లేదో చూసుకుంటారు. పడకపోతే ఫోను చేసి కనుక్కుంటారు. నిజంగా ఫలం ఆశించకుండా పనిచేసేవాళ్ళు ఆ వేళకి ఆయనగారి ఇంట్లో వంట చేస్తూ వుంటారు.

మాట వంటమీదికి వచ్చింది కాబట్టి రెండో ప్రశ్నకి వద్దాం. ఏడీ రాసింది చెరిగిపోతుంది, చేసింది మాసిపోతుంది అని చదువుతుంటే, ఇందులో ఫాంటసీ ఏముందీ అనిపించింది నాకు! పొద్దున తోమిన గిన్నెలు మధ్యాహ్నానికి మళ్ళీ తొట్టిలో వుంటాయి. ఉతికిన బట్టలు మాసిపోతాయి. మడతపెట్టిన దుప్పట్లు నలిగిపోతాయి. నలభై ఏళ్ళు వండిన మనిషి వంటలో మిగిలేది ఏమిటి? ఆవకాయైనా ఏడాదే కదా వుండేది! వాకిట్లో ముగ్గు సంగతి చూడండి. తెల్లవారకుండా లేచి, నడుం వంచి, చుక్క తప్పకుండా పెడుతుంది. కాసేపటికి పాలవాడి సైకిలు తొక్కుతుంది, తర్వాత స్కూలుపిల్లలు. సాయంత్రానికి దాని జాడ వుండదు. దానికింద ఎవరూ సంతకం పెట్టరు. ఏడీ లరూ మూడువందల ఏళ్ళు పడ్డ పాట్లు మన వాకిళ్ళలో రోజూ పొద్దున్నే జరుగుతున్నాయి.

కాని నవలలో ఒక మెలిక వుంది. చీకటి వేసిన శాపంలోనూ ఒక కంత దొరికింది ఏడీకి. మనిషిని మరిచిపోతారుగాని, ఆమె వల్ల కలిగిన ఊహని మరిచిపోరు. ఆమె ఒక పాటగాడి పక్కన కూర్చుని కూనిరాగం తీస్తే, మర్నాడు అతనికి ఆమె గుర్తుండదు. రాగం వేళ్ళమీద మిగిలి వుంటుంది, తనకే తట్టిందనుకుంటాడు. ఆమె మొహంమీద ఏడు చిన్న మచ్చలుంటాయి, చుక్కలు చల్లినట్టు. ఆమె ఎవరో ఎరగని చిత్రకారుల బొమ్మల్లో ఆ ఏడు చుక్కలూ వేరు వేరు కాలాల్లో, వేరు వేరు దేశాల్లో కనబడుతూ వుంటాయి. పేరు లేకుండా జాడ మాత్రం మిగిలింది.

ఈ ఘట్టం చదివాక మన ఆడవాళ్ళ పాటలు గుర్తొచ్చాయి. ‘ఊర్మిళాదేవి నిద్ర’ మా అమ్మమ్మల తరం దాకా ఎందరి ఇళ్ళలోనో పాడుకున్నదే. ఎవరు కట్టారు ఆ పాటని? తెలియదు. లక్ష్మణుడు అన్నవెంట అడవికి పోతే, ఆ పధ్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోయింది. అతను తిరిగి వచ్చి మంచం మీద కూర్చుంటే ఆవిడ భర్తని గుర్తుపట్టక, ఎవడో పరాయివాడని హడలిపోయి చీవాట్లు పెడుతుంది. పరస్త్రీని కోరినవాళ్ళకి ఏ గతి పట్టిందో వినిపిస్తుంది. వాల్మీకికి పట్టని ఊర్మిళకి నోరిచ్చి, భర్త ఎదుట అంత మాట అనిపించిన ఆ ఇల్లాలెవరో! ఆమె పేరు పోయింది. ఆమె ఊహ మాత్రం వందలమంది గొంతుల్లో తిరిగింది. ముగ్గు కూడా అంతే. వాకిట్లో ముగ్గు చెరిగిపోతుందిగాని, పదిహేను చుక్కల తామరపువ్వు ముగ్గు ఒక వూరినుంచి ఇంకో వూరికి, అత్తగారినుంచి కోడలికి నడుస్తూనే వుంది. మొదట వేసినావిడ ఏ తరంలోనో పోయింది.

అయితే ఇక్కడ మనం కాస్త జాగ్రత్తపడాలి. ‘పేరుదేముందండీ, పని మిగిలింది కదా’ అనడం చాలా తేలిక. ముఖ్యంగా పేరు మిగిలినవాళ్ళకి! అది మనకి మనం చెప్పుకుంటే ఓదార్పు. ఇంకొకరు మనకి చెప్తే అన్యాయం. ఈ తేడా నవల నాకు బాగా తెలియజెప్పింది. ఏడీ తన జాడలు చూసుకుని సంతోషిస్తుంది, నిజమే. అయినా ఒక్కరైనా తనని గుర్తుపట్టాలన్న ఆశ మూడు శతాబ్దాలైనా ఆమెకు చావలేదు. చావకూడదు కూడా.

ఎందుకంటే, మరిచిపోవడం అన్నిసార్లూ శాపం వల్ల జరగదు. శకుంతల కథ చూడండి. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు ఆమెను మరిచిపోవడానికి దుర్వాసుడి శాపం కారణం. ఉంగరం కనబడగానే అన్నీ గుర్తొచ్చి పాపం కుమిలిపోతాడు. కాని భారతంలో ఆ శాపమూ లేదు, ఆ ఉంగరమూ లేదు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది. గుర్తుండి కూడా ఎరగనంటాడు. ఆకాశవాణి పలికాక, లోకులు అనుమానిస్తారని అట్లా అన్నానంటాడు. రాజుగారి పరువు కాపాడటానికి కాళిదాసు ఒక మునిని పిలిపించి శాపం పెట్టించాడు. మన ఇళ్ళలో మునులూ రారు, శాపాలూ పెట్టరు. ‘అప్పుడు నీ గాజులు తాకట్టుపెట్టి ఫీజు కట్టాం కదూ, మరిచేపోయాను సుమా’ అంటారు. అప్పు ఇచ్చిన స్నేహితుడి పేరు మరిచిపోరు. ఆఫీసులో ప్రమోషన్ ఇచ్చిన పెద్దమనిషి పేరు మరిచిపోరు. గాజుల సంగతే మరుపొస్తుంది. మరుపు చాలాసార్లు ఒక సౌకర్యం.

గుర్తుండిపోవడం కూడా గొప్పతనం ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. తాళ్ళపాక అన్నమయ్య పాటలు మనకి దక్కాయంటే, వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఒక అరలో భద్రం చేసినవాళ్ళున్నారు గనక. అట్లా భద్రం చేసినా అవి దాదాపు నాలుగు వందల ఏళ్ళు మరుగునపడి వున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు పనిగట్టుకుని వాటిని వెలికితీసి అచ్చు వేయిస్తేనే ఇవాళ మన పిల్లలు పాటల పోటీల్లో పాడుతున్నారు. అంతటివాడి మాటే అట్లా వుంటే, ఊర్మిళ పాట కట్టినావిడకి రాగిరేకు ఎవరు కొనిస్తారు? జ్ఞాపకం దానంతట అది నిలవదు. అది కూడా ఒక పని. ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాలి.

నవలలో ఆ పని చేసేవాడు 2014లో న్యూయార్కులో తగులుతాడు. హెన్రీ అని, బ్రూక్లిన్‌లో ఒక పాత పుస్తకాల షాపులో పనిచేస్తూ వుంటాడు. ఏడీ ఆ షాపులో ఒక పుస్తకం కొట్టేస్తుంది. మర్నాడు, ఎట్లాగూ గుర్తుండదు కదా అని దిలాసాగా అదే షాపుకి వెళ్తుంది. నిన్న పుస్తకం ఎత్తుకుపోయింది నువ్వే కదూ, నాకు గుర్తుంది అంటాడు! మూడువందల ఏళ్ళలో మొదటిసారి ఆమెకు ఆ మాట వినబడింది. దొంగ అని పట్టుకుంటే అంత ఆనందపడ్డ మనిషి సాహిత్యంలో ఇంకెవరన్నా వున్నారా అని ఆలోచిస్తున్నాను. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

ఆ అబ్బాయికీ ఒక కథ వుంది. అతనూ చీకటితో బేరమాడినవాడే. నన్నెవరూ ఇష్టపడటం లేదు, నేను ఎవరికీ సరిపోవటం లేదు అని ఏడిస్తే, అందరికీ నచ్చేటట్టు వరమిచ్చింది చీకటి. ఏం జరిగిందంటే, అందరూ అతనిలో తమకి కావలసింది చూసుకుంటారు. తల్లిదండ్రులకి కావలసిన కొడుకు, స్నేహితులకి కావలసిన స్నేహితుడు. అతన్ని అతనిగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరినేమో ఎవరూ గుర్తుంచుకోరు. రెండోవాణ్ణి అందరూ చూస్తారు, ఎవరూ కనుక్కోరు. ఈ రెండోది కూడా మనకి కొత్త కాదు. ‘మా కోడలు బంగారం, నోరెత్తి ఎరగదు’ అని పదిమందిలో పొగిడించుకున్న అమ్మాయిని అడగండి. ఆ బంగారం బరువెంతో చెప్తుంది.

ఏడీకి రాయడం రాదు కనుక, అంటే రాసినా నిలవదు కనుక, ఆమె చెప్తుంటే హెన్రీ రాసుకుంటాడు. అతని కలంనుంచి వచ్చిన అక్షరాలు మాయం కావు. ఆ తర్వాత ఏమయిందో మీరే చదువుకోండి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే, మరిచిపోయినవాళ్ళందరూ దుర్మార్గులని తేల్చినట్టవుతుంది. అలా కాదు. నిజంగా శాపంలాంటి మరుపు కూడా వుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలాయ్‌సన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడం కోసం మెదడుకి ఆపరేషను చేశారు. మూర్ఛలు తగ్గాయిగాని, ఆ రోజునుంచీ కొత్త సంగతి ఏదీ అతనికి జ్ఞాపకం నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే కెనడా శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి అతన్ని పరీక్షించడానికి వెళ్ళేవారు. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ అతనికి కొత్త మనిషే! నవలలో ఏడీలాగే. ఆవిడ అతని చేత, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ వెంట గీత గీయించేవారు. అది కష్టమైన పని, చెయ్యి ఎటో పోతుంది. రోజు రోజుకీ అతని చెయ్యి కుదురుకుంది, గీత చక్కబడింది. కాని ఆ పని ఎప్పుడైనా చేశావా అంటే, లేదనేవాడు. మనసు మరిచిపోయింది, చెయ్యి నేర్చుకుంది. మొలాయ్‌సన్ 2008లో పోయాడు. జ్ఞాపకం ఒకటి కాదు, రకరకాలుగా వుంటుందని లోకానికి తెలిసింది చాలావరకు ఆయన వల్లనే.

మా పిన్ని ఒకావిడకి మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. ఈ జబ్బులో నిన్నటి సంగతులు ముందు పోతాయి, చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. కూతురే దగ్గరుండి నీళ్ళు పోసి, జడవేసి, అన్నం కలిపి పెడుతుంది. పిన్నికి కూతురు గుర్తులేదు. ఎవరో ఆయా అనుకుంటుంది. ఒకరోజు ఆవిడ ఆయాగారి చెయ్యి పట్టుకుని, ‘నువ్వు బాగా చూస్తున్నావమ్మా. మా అమ్మాయి రానీ, చెప్తాను. నీకు మంచి చీర పెట్టిస్తాను’ అందట. మా చెల్లెలు ఈ మాట నాకు ఫోనులో చెప్పి ఒకటే నవ్వు. ‘ఆ చీర కొనాల్సింది నేనే కదక్కా!’ అంది. నవ్వి నవ్వి, కాసేపటికి ఏం మాట్లాడకుండా వూరుకుంది. నేనూ వూరుకున్నాను.

ఈ సేవకి విలువ వుందా అని అడిగేవాళ్ళున్నారు. ఆవిడకి నువ్వెవరో తెలియదు, పొద్దున చేసింది సాయంత్రం గుర్తుండదు, ఎక్కడన్నా చేర్పించరాదా అంటారు. చేర్పించడం తప్పని నేననను, ఎవరి శక్తి వాళ్ళది. కాని ‘గుర్తుండదు కదా’ అన్న కారణం మాత్రం నాకు నచ్చదు. మా పిన్నికి పేర్లు పోయాయిగాని, వెచ్చటి నీళ్ళు ఒంటిమీద పడ్డప్పుడు ఆ మొహంలో వచ్చే నెమ్మది పోలేదు. ఆ నెమ్మది అప్పటికప్పుడు నిజం. రేపు గుర్తుండనంత మాత్రాన ఇవాళ జరగలేదని కాదు. పైగా చూడండి, చీర పెట్టాలన్న కృతజ్ఞత పోలేదు ఆవిడకి! ఎవరికి పెట్టాలో తెలియకపోయినా పెట్టాలనిపించింది. అన్నీ సవ్యంగా గుర్తున్న మనలో ఎందరికి అనిపిస్తుంది?

అందుచేత నాకు తోచింది ఇది. మనం చేసే పని విలువకీ, అది ఎవరికి గుర్తుందన్నదానికీ సంబంధం లేదు. ఆ విలువ చేసినప్పుడే పూర్తయిపోయింది. ఇది చేసేవాళ్ళకి ధైర్యం. కాని అందుకున్నవాళ్ళ వైపునుంచి చూస్తే లెక్క వేరు. వాళ్ళకి గుర్తుపెట్టుకోవడం ఒక బాకీ. మొదటి మాట చెప్పి రెండో మాట దాచేస్తే అది వేదాంతం కాదు, ఎగవేత. జబ్బు చేసినవాళ్ళకి ఆ బాకీ మాఫీ. మిగతావాళ్ళకి లేదు.

మన పెద్దలకి ఈ బాకీ సంగతి తెలుసు. తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లూ, తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లూ చెప్పాలి. మూడు తరాలు. అంతకంటే పైవాళ్ళని మనిషి గుర్తుంచుకోలేడని లెక్క కట్టి పెట్టినట్టుంది. పురోహితుడు అడిగితే మగవాళ్ళ పేర్లు గడగడా చెప్పేస్తారు. నాయనమ్మ పేరు దగ్గర ఆగి, ‘ఏమేవ్, మా నాయనమ్మ పేరేమిటే?’ అని వంటింటివైపు కేకేస్తారు. ఆవిడ చేతిలో గారె తినిపించుకున్నవాడు, పక్కన పడుకుని కథలు విన్నవాడు! ఆవిణ్ణి వూరంతా ఫలానావారి అమ్మగారనే పిలిచారు మరి. పేరు పలకడానికి వీల్లేదని ఏడీకి చీకటి శాపం పెట్టింది. మన నాయనమ్మలకి ఎవరు పెట్టారు?

నవల తెప్పించుకుని చదవండి, బాగుంటుంది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే మీ అమ్మాయి చేత చదివించుకుని వినండి, అదింకా బాగుంటుంది. ఈలోగా ఒక నోటుపుస్తకం తీసి మీ అమ్మమ్మ పేరు, వాళ్ళ అమ్మ పేరు, మీ నాయనమ్మ పేరు, వాళ్ళ అత్తగారి పేరు రాయండి. ఇంటిపేరుతో కాదు, వాళ్ళని చిన్నప్పుడు పిలిచిన పేర్లతో. పక్కనే, ఆవిడ ఏ కూర బాగా చేసేదో, ఏ పాట పాడేదో, ఎవరితో దెబ్బలాడేదో ఒక్క ముక్క రాయండి. తెలియకపోతే మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడని అడగండి. రేపో ఎల్లుండో అనుకోకుండా ఇవాళే అడగండి. పెద్దవాళ్ళ జ్ఞాపకాలు కూడా ముగ్గులాంటివే, ఏ పూట ఏ గాలి వీస్తుందో తెలియదు.